మెరీనా ఇసుక వయస్సు

చెన్నపట్నానికి పెళ్ళికో, వైద్యానికో, కాగితాల పనికో వెళ్ళిన తెలుగువారికి ఒక సాయంత్రం ఖాళీ దొరికితే కాళ్ళు సముద్రం వైపే లాగుతాయి. పిల్లలు బీచికి పోదామని మారాం చేస్తారు, పెద్దలు కాస్త గాలి పోసుకుందామంటారు. నేపియర్ వంతెన దగ్గర బయలుదేరి, దక్షిణంగా దీపస్తంభం దాకా మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. విశాలమైన కాలిబాట, అడుగడుగునా కూర్చోవడానికి గట్లు, ఎడమచేతి వైపు ఇసుక, దాని అవతల బంగాళాఖాతం, కుడిచేతి వైపు ఎర్ర ఇటుకల మహాభవనాలు. చంటిపిల్లల తల్లులూ, మోకాళ్ళ నొప్పుల తాతలూ కూడా గంటన్నరలో హాయిగా ముగించగల నడక. నీళ్ళలోకి మాత్రం దిగకూడదు. ఆ తీరంలో అడుగు హఠాత్తుగా లోతవుతుంది, వెనక్కు లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఏటా అక్కడ మునిగిపోయేవారు ఉంటూనే ఉన్నారు.

నేనూ ఆ దారిన ఎన్నోసార్లు నడిచాను. సముద్రం ఎంత పాతదో ఆ ఇసుకా అంత పాతదే అనుకుంటూ నడిచాను. అది పొరపాటని తెలిసింది పుస్తకాల వల్ల. ఆ పిమ్మట కుడిచేతి వైపు కట్టడాలను వరుసగా చూసుకుంటూ పోతే, అవే ఆ సంగతికి సాక్ష్యం చెబుతున్నాయని అర్థమైంది. మెరీనా ఇసుకలో చాలా భాగం దాని పక్కనున్న సెనేట్ హౌసు కంటె చిన్నది. తంజావూరు గుడి ముందర నిలబడినప్పుడు కలిగే పురాతన భావం ఇక్కడ చెల్లదు. మన ముత్తాతల కాలంలో పుట్టిన నేల ఇది.

నేపియర్ వంతెన మీద ఒక నిమిషం నిలబడి ఉత్తరానికి చూడండి. (2022లో చదరంగం ఒలింపియాడ్ జరిగినప్పుడు ఈ వంతెనకు నిలువెల్లా నలుపు తెలుపు గళ్ళ రంగులు వేశారు. పిల్లలతో వెళ్ళినవారు ఈ ముచ్చట చెప్పవచ్చు.) దూరంగా రేవు క్రేనులు కనబడతాయి. కథంతా అక్కడే మొదలైంది.

1639లో దామెర్ల వేంకటప్ప నాయకుడు ఇంగ్లీషు వర్తకులకు ఈ తీరంలో కోట కట్టుకోవడానికి చోటు ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నమన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆ వర్తకులు ఈ చోటును ఎంచుకోవడం రేవుల దృష్టితో చూస్తే వింతే. ఇక్కడ ఓడలు దాగడానికి మూల లేదు, లోతైన నదీముఖం లేదు, తిన్నని తీరం, దాని మీద విరిగిపడే అలలు. రెండు వందల సంవత్సరాలకు పైగా ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలబడేవి. సరుకులనూ మనుషులనూ మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచుతాడుతో కుట్టిన పడవలవి. అలల దెబ్బకు విరగకుండా ఒంగేవి. ఆ పేరును మచిలీపట్నంతో ముడిపెట్టేవారూ ఉన్నారు. పడవ నడిపేది స్థానిక బెస్తవారు. గవర్నరైనా సరే, మొదటిసారి చెన్నపట్నంలో అడుగు పెట్టేముందు తన ప్రాణాన్ని ఆ పడవవాళ్ళ చేతులలో పెట్టవలసిందే. అప్పటికి సముద్రం సెయింట్ జార్జి కోట తూర్పు గోడకు దగ్గరలోనే ఉండేది. కోటకు సముద్ర ద్వారమని ఒకటి ఉండటం ఊరికే కాదు.

1861లో ఇనుప స్తంభాల మీద ఒక పొడవాటి వంతెన వంటిది సముద్రంలోకి కట్టారు. అది చాలలేదు. 1875 డిసెంబరులో చెన్నపట్నం వచ్చిన ఇంగ్లండు యువరాజు కృత్రిమ రేవుకు పునాదిరాయి వేశాడు. సముద్రంలోకి చేతులు చాచినట్టు రెండు రాతిగోడలు, మధ్యలో ఓడలకు నెమ్మది నీళ్ళు, ఇదీ ఆలోచన. దాదాపు పూర్తి కావస్తుండగా 1881 నవంబరు తుపానులో ఆ గోడలు కూలాయి. మళ్ళీ కట్టి ముగించడానికి ఆ శతాబ్దం చివరి వరకు పట్టింది.

అయితే గోడలు నిలిచినా కూలినా ఒక పని మాత్రం ఆగలేదు. తూర్పు తీరంలో నైరుతి ఋతుపవనాల నెలలలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తాయి. అల వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా ఒడ్డుకు ఎక్కిస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు తిన్నగా కిందికి జార్చుకుపోతుంది. అలా ఒక్కొక్క అలకూ ఇసుకరేణువు కొంచెం కొంచెంగా ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కు వస్తుంది కానీ, మొత్తం మీద ఏడాది లెక్క చూస్తే ఉత్తరపు పయనమే ఎక్కువ. లక్షల టన్నుల ఇసుక ఇలా కంటికి కనబడకుండా నడుస్తూ ఉంటుంది. దాని దారికి అడ్డంగా గోడ కట్టారు. ఇంకేముంది? గోడకు దక్షిణాన ఇసుక ఆగి, పేరుకుని, ఏటికేడు సముద్రాన్ని వెనక్కు నెట్టింది. అదే నేటి మెరీనా. గోడకు ఉత్తరాన రావలసిన ఇసుక రాలేదు, పోవలసినది పోతూనే ఉంది. రాయపురం, తండయారుపేట వైపు తీరం కొట్టుకుపోయింది, ఇళ్ళు పోయాయి. ఇప్పుడు అక్కడ ఒడ్డు పొడుగునా బండరాళ్ళ కట్టే కనబడుతుంది.

విశాఖవాసులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. చెన్నపట్నంలో రేవు మెరీనాకు ఉత్తరాన ఉంది కనుక మెరీనా పెరిగింది. విశాఖలో రేవు రామకృష్ణా బీచికి దక్షిణాన ఉంది కనుక ఆ బీచి కోసుకుపోతుంది, రేవులో తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోయవలసి వస్తుంది. రెండు చోట్లా సముద్రం ఒకటే, గాలి ఒకటే. నడకకు వచ్చినవారు రేవుకు ఏ పక్కన నిలబడ్డారన్నదే భేదం.

ఇక వంతెన దిగి నడవండి. మొదట ఎదురయ్యేవి తమిళ నాయకుల సమాధులు: అన్నాదురై, ఎం.జి.ఆర్., జయలలిత, కరుణానిధి. అక్కడ జనం ఎప్పుడూ కిటకిటలాడుతుంటారు కనుక నేను త్వరగా దాటుతాను. తరువాత దేవీప్రసాద్ రాయ్ చౌధురి చెక్కిన శ్రామికుల శిల్పం వస్తుంది. నలుగురు మనుషులు ఒక బండను పెకలిస్తుంటారు. 1959లో నిలిపారు. రాతిగోడ వల్ల పుట్టిన నేల మీద రాతిని కదిలించే మనుషుల బొమ్మ ఉండటం కాకతాళీయమే కానీ నాకు ఇష్టమైన కాకతాళీయం. 1923 మే 1న చెన్నపట్నం సముద్రతీరంలో, బెస్తకులంలో పుట్టిన న్యాయవాది సింగారవేలు చెట్టియారు మే దినోత్సవ సభలు జరిపాడు. భారతదేశంలో అవే మొదటివి.

ఈ కాలిబాటను వేయించినవాడు గ్రాంట్ డఫ్, 1881 నుంచి 1886 వరకు మద్రాసు గవర్నరు. రేవు గోడల చలవతో ఇసుక పేరుకోవడం అప్పటికే మొదలైంది. కోటకు దక్షిణాన బురదగా ఉన్న ఒడ్డును చదును చేయించి, 1884లో విహారమార్గం వేయించాడు. సిసిలీ ద్వీపంలో తాను చూసిన సముద్రపుటొడ్డు జ్ఞాపకంతో దానికి మెరీనా అని పేరు పెట్టానని ఆయనే వ్రాసుకున్నాడు. దొరల బగ్గీలు సాయంత్రం గాలికి తిరగడానికి ఉద్దేశించిన బాట అది. అంతకు ముందు ఆ ప్రాంతం ఆర్కాటు నవాబు వాలాజా 1768 నాటికి కట్టించుకున్న చేపాక్కం మహలు ఆవరణ. నవాబు అప్పులలో మునిగి, వంశం బిరుదు కోల్పోయి, 1855 తరువాత మహలు సర్కారు కచేరీ అయింది. ఇప్పుడు చెట్ల చాటున ఉంది. వెతికితే గాని కనబడదు.

మహలుకు అటూ ఇటూ చిషోమ్ అనే శిల్పి నిర్మించిన సెనేట్ హౌసు, ప్రెసిడెన్సీ కళాశాల. కళాశాల భవనం 1870లో తెరిచారు, సెనేట్ హౌసు 1879లో ముగిసింది. ఆ కళాశాలలో కొక్కొండ వేంకటరత్నం పంతులు తెలుగు చెప్పారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో అక్కడే తత్త్వశాస్త్రం బోధించడం ప్రారంభించారు. ఇక్కడొక పిడకలవేట. ఈ వరుసలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలో చాలాకాలం ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉండేది. ఇప్పుడది కోట్టూరుపురానికి తరలింది. కాల్నల్ మెకంజీ పోగుచేసిన కైఫీయతులూ, వాటి కోసం ఊరూరా తిరిగిన కావలి సోదరుల శ్రమా, బ్రౌనుదొర ప్రాణం పెట్టి వ్రాయించిన ప్రతులూ అందులోనివే. సముద్రపు తేమగాలికి వంద గజాల దూరంలో తాటాకులు దాచుకున్నాం. తెలుగు గ్రామాల చరిత్ర వ్రాయదలచినవాళ్ళు ఉదయమంతా ఆ తాటాకులతో కుస్తీపట్టి, సాయంత్రం ఇసుకలోకి వచ్చి కూర్చునేవారు.

ఎదురుగా వరుసగా 1968 ప్రపంచ తమిళ మహాసభల నాటి విగ్రహాలు. వాటిలో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వ్రాసిన కాల్డ్‌వెల్ ఉన్నాడు. ఆయనకు నలభై ఏళ్ళు ముందే, 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఉపోద్ఘాతం వ్రాస్తూ తెలుగు సంస్కృత జన్యం కాదని నిరూపించిన ఎల్లిస్‌కు ఆ వరుసలో చోటు లేదు. ఫిర్యాదు కాదు, తెలుగువాడి కంటికి ఆ ఖాళీ కనబడుతుందంతే.

ప్రెసిడెన్సీ కళాశాలకు ఎదురుగా ఉన్న ఇసుక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తిరువల్లిక్కేణి తీరమనీ, తిలక్ ఘట్టమనీ పిలిచిన చోటు ఇదే. ఊళ్ళో సభ పెట్టాలంటే హాలు కావాలి, హాలు యజమానికి సర్కారు భయం ఉంటుంది. ఇసుకకు యజమాని లేడు, అద్దె లేదు, తలుపు లేదు. రేవు కట్టకముందు ఇంత విశాలమైన నేలే లేదు. వర్తకం కోసం దొరలు కట్టుకున్న గోడ, వారికి తెలియకుండానే వారి మీద సభలు పెట్టుకోవడానికి మైదానం తయారుచేసి ఇచ్చింది! 1907 ఏప్రిల్‌లో ముట్నూరి కృష్ణారావు వెంట రాగా కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నం తిరిగి యువకులను కదిలించిన బిపిన్ చంద్ర పాల్, మే నెలలో ఈ ఇసుకలోనే వరుసగా ఉపన్యసించాడు. వేలమంది వచ్చి కూర్చున్నారు.

ఇరవై మూడేళ్ళ తరువాత ఇదే తీరం ఉప్పుకు వేదిక అయింది. మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం 1805లోనే మొదలైంది. తూర్పుతీరం పొడుగునా తెలుగు ఊళ్ళలో ఉప్పుమడులు చేసుకునేవారికి దాని బరువు తెలుసు. తన ఇంటి ముందు ఎండిన ఉప్పును తానే గీకి తీసుకుంటే నేరం. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఉప్పు ఎత్తారు. చెన్నపట్నంలో ఆ బాధ్యత ఇద్దరు తెలుగువారు తలకెత్తుకున్నారు: యాభై ఏడేళ్ళ టంగుటూరి ప్రకాశం పంతులు, అరవై దాటిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఒకరు మంచి రాబడి గల బారిస్టరు వృత్తి వదులుకుని స్వరాజ్య పత్రిక పెట్టి అప్పులపాలైనవారు. ఇంకొకరు అమృతాంజనం అమ్మి గడించినది ఆంధ్రపత్రికకూ దానాలకూ వెచ్చించినవారు. ఉదయవనం అని శిబిరం ఏర్పరచి, అక్కడి నుంచి సత్యాగ్రహులతో సముద్రపుటొడ్డుకు నడిచారు. కుండలలో ఉప్పునీళ్ళు కాచారు. ఇరవై ఏళ్ళ దుర్గాబాయి కూడా ఆ ఉద్యమంలోనే చెరసాలకు వెళ్ళింది.

లాఠీలు మొదటినుంచీ ఉన్నాయి. ఏప్రిల్ 27న తిరువల్లిక్కేణి తీరంలో చేరిన జనం మీద పోలీసులు తుపాకులు కాల్చారు. మనుషులు చనిపోయారు. నేడు బెలూన్లు కాల్చే ఆట, గుర్రపు సవారీ, శనగ గుగ్గిళ్ళ అంగడి ఉన్న చోటికి కూతవేటు దూరంలో. గుగ్గిళ్ళను అక్కడ సుండల్ అంటారు. పచ్చిమామిడి ముక్కలూ కొబ్బరీ కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. నేను ఆ పొట్లం పట్టుకునే పిల్లలకు ఈ సంగతి చెబుతాను. ఉప్పు తగ్గిందని వాళ్ళు అనడమూ జరిగింది.

ఇంకాస్త ముందుకు పోతే గుండ్రటి ముఖంతో, మిఠాయిలా కనబడే భవనం ఒకటి. ఇప్పుడు వివేకానందుని పేరు మీద ఉంది. ఇసుక వయస్సుకు ఇంతకంటె మంచి సాక్షి లేదు. 1842లో అమెరికాకు చెందిన ట్యూడర్ మంచు కంపెనీ కోసం కట్టిన గిడ్డంగి ఇది. మసాచుసెట్స్ చెరువులలో చలికాలం గడ్డకట్టిన నీటిని దిమ్మెలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడలో నెలల తరబడి తెచ్చి, చెన్నపట్నం ఎండలో దొరల మధుపాత్రలకు, ఆసుపత్రులలో జ్వరరోగులకు అమ్మేవారు. కరిగిపోయే సరుకును ఎవరైనా రేవుకు దూరంగా దింపుకుంటారా? మసూలా పడవలోంచి దిమ్మె దింపి, కూలీలు నాలుగు అంగలలో లోపలికి చేర్చాలని సముద్రాన్ని ఆనుకుని కట్టారు. ఈ వేళ ఆ భవనం మెట్ల మీద నిలబడి చూస్తే అలకు అర కిలోమీటరు అటూ ఇటూ దూరం. ఆ దూరమంతా రేవు గోడ తరువాత వచ్చిన ఇసుకే.

కళలో మంచు తయారుచేసే యంత్రాలు వచ్చాక ఆ వర్తకం పడిపోయింది. 1880ల తరువాత బిళిగిరి అయ్యంగారు అనే న్యాయవాది దానిని కొని ఇల్లుగా మార్చుకున్నాడు. 1897 ఫిబ్రవరిలో విదేశాల నుంచి తిరిగివచ్చిన వివేకానందుడు అక్కడ తొమ్మిది రోజులు బస చేశాడు. ఆ పిమ్మట కొన్నాళ్ళు అది బాలవితంతువులు చదువుకునే ఆశ్రమం. సోదరి సుబ్బలక్ష్మి నడిపారు. తలలు గొరిగించుకున్న పదేళ్ళ పిల్లలు సాయంత్రం వేళ ఈ ఇసుకలో ఆడుకునేవారట. ఊళ్ళో వీధులలో వారికి దొరకని చోటు ఇక్కడ దొరికింది.

ఈ మాట దగ్గర, అసలు ఇక్కడివారైన మనుషుల సంగతి ఎత్తకపోతే వ్యాసం దొరల బాట గురించే అవుతుంది. నడుకుప్పం, అయోధ్యాకుప్పం, నొచ్చికుప్పం – కుప్పమంటే బెస్తపల్లె. మసూలా పడవలు నడిపిన వారి వారసులే వీరు. ఇసుక పెరిగిన కొద్దీ వారి తెప్పలు సముద్రంతో పాటు తూర్పుకు జరిగాయి, వలలు ఆరవేసుకోవడానికి ఆ ఇసుకే ఆధారమైంది. నగరానికి మాత్రం ఆ వలలూ, చేపల వాసనా, తెప్పలూ అందానికి అడ్డుగా కనబడుతూ వచ్చాయి. 1985లో మెరీనాను సుందరంగా చేయాలని తెప్పలను తొలగించబోతే వారు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పులు జరిగాయి, బెస్తలు చనిపోయారు. తిరువల్లిక్కేణి తీరంలో రెండవసారి తుపాకి మోగింది స్వతంత్ర భారతంలో, నడకదారి కోసం. 1930 నాటి మృతులను మనం గుర్తు చేసుకుంటాం. వీరిని ఎవరు గుర్తు చేసుకుంటారో కుప్పాలవారినే అడగాలి. 2023లోనూ దీపస్తంభానికి దక్షిణాన రోడ్డు పక్కన చేపలమ్మే స్త్రీలను లేపివేసే వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. తరువాత వారికి ఒక బజారు కట్టి ఇచ్చారు.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఉదయపు నడకకు వచ్చినవారూ, క్రికెట్టు ఆడుతున్న కుర్రవాళ్ళూ, కుప్పాలలో వలలు బాగుచేసుకుంటున్నవారూ ఒకే అల కింద పడ్డారు. ఆ ఒక్క పూట సముద్రం తన పాత హద్దు దాకా వచ్చి చూసుకుపోయిందని నాకు అనిపిస్తుంది. అది నా ఊహే, శాస్త్రం కాదు.

2022 నవంబరులో చక్రాల కుర్చీలో కూర్చున్నవారు కూడా అలల దాకా వెళ్ళేటట్టు ఇసుక మీద కొయ్యబాట వేశారు. రెండు వందల మీటర్లు దాటిన పొడవు. పదిహేను రోజులు తిరగకుండానే మాండూస్ తుపాను దాని చివరి భాగాన్ని విరిచివేసింది. తరువాత బాగుచేశారు. ఆ బాట మొదటిసారి నడిచిన వృద్ధులలో కొందరు చిన్నతనంలో తప్ప సముద్రాన్ని తాకి ఎరుగరు. నన్నడిగితే గ్రాంట్ డఫ్ బాట కంటె ఈ కొయ్యబాటే గొప్పది.

చివరకు దీపస్తంభం. చెన్నపట్నం దీపం నాలుగు చోట్లు మారింది. మొదట 1796లో కోటలో, 1844లో నేటి హైకోర్టు ఆవరణలోని రాతిస్తంభం మీద, 1894లో హైకోర్టు గోపురం మీద, 1977 నుంచి ఇక్కడ. లిఫ్టు ఉంది కనుక పెద్దవారు కూడా పైకి పోవచ్చు. సందర్శకులకు తెరిచి ఉందో లేదో మాత్రం ముందుగా కనుక్కోండి.

పైన గాలి గట్టిగా వీస్తుంది, పిల్లల చేతులు వదలకండి. దక్షిణాన నొచ్చికుప్పం పడవలు వరుసగా, రంగురంగులుగా కనబడతాయి. ఉత్తరానికి తిరిగితే మనం నడిచివచ్చిన దారంతా ఒక్క చూపులో ఉంటుంది: గోధుమరంగు ఇసుక, మంచు గిడ్డంగి, కళాశాల గోపురం, సమాధుల తోటలు, వంతెన. ఇసుక వెడల్పు పెరుగుతూ పెరుగుతూ పోయి రేవు గోడ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. గోడకు అవతల రాయపురం వైపు పొగమంచులో నీళ్ళు నేరుగా రాళ్ళను కొడుతుంటాయి. ఇంత దూరానికి ఆ చప్పుడు వినబడదు.